నీలం అడిగిన ప్రశ్న

ఉదయం పదీ ఇరవైకి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో రాజాం బస్సు మెట్టు మీద కాలు పెట్టిన కూర్మారావు రెండో కాలు పైకి తీసుకోలేకపోయాడు.

మెడ మీద ఏదో కుట్టినట్టయి చెయ్యి వెనక్కి పోనిచ్చాడు. అంతే, మెట్టు మీదే కూలబడ్డాడు. ఎవరో నీళ్లు చల్లారు. ఎవరో సోడాకి పరిగెత్తారు. "ఎండదెబ్బ కాబోలు" అన్నాడు కండక్టరు. ఫిబ్రవరి నెలలో ఎండదెబ్బేమిటని ఒక్కరూ అడగలేదు. ఆటో ఆసుపత్రి గేటు దాటేసరికి ప్రాణం పోయింది.

ఇంట్లోవాళ్లకి అతను విత్తనాల కంపెనీ ఏజెంటు. అసలు ఉద్యోగం వేరే. ఇరవై రెండేళ్లుగా దేశంలోకి చొరబడిన గూఢచారుల్ని వేటాడే విభాగంలో సీనియర్ ఆపరేటివ్. అతని చొక్కా కాలర్లో అంగుళం పొడవున సన్నటి ప్లాస్టిక్ పోగు దొరికింది. కొత్త బట్టలకి ధరచీటీ తగిలిస్తారే, ఆ పోగు. సంచీలో అరచేతంత ఆలివ్ గ్రీన్ గుడ్డముక్క దొరికింది.

ఆ సాయంత్రమే విశాఖపట్నంలో, అదే విభాగంలో పనిచేసే బెన్హర్‌కి పిలుపొచ్చింది.

"కూర్చోండి. టైము లేదు," అంది డిప్యూటీ డైరెక్టర్ తాయారు. నెరిసిన జుట్టు, నేత చీర, పొదుపైన మాట. కిటికీ తెరలు లాగి లైటు ఆర్పి అతని చేతికి కళ్లజోడు ఇచ్చింది. తన చేతిలోని బాల్‌పెన్ క్లిప్పు నొక్కింది.

బల్ల మీద గుడ్డముక్క భగ్గుమంది. చీకట్లో నిప్పులేని మంటలా తెల్లగా మండుతోంది. కళ్లజోడు తీస్తే ఏమీ లేదు, మామూలు గుడ్డే.

"దీనికి పట్టించిన మందు, తెల్లబట్ట మెరవడానికి వాడే బ్రైటెనర్‌కి దూరపు చుట్టం. మనిషి కంటికి కనబడదు. చీకట్లో చూసే కెమెరాలకి మాత్రం రెండు కిలోమీటర్ల నుంచి కనబడుతుంది. వంటి మీద దీపాలు కట్టుకుని నడుస్తున్నట్టే."

"ఎవరి వంటి మీద?"

"ప్రత్యేక దళం. ఆరు వందల మంది. ఇరవయ్యో తారీఖున కొత్త యూనిఫారాలు వేసుకుని సరిహద్దు అడవిలోకి దిగుతున్నారు. ఆ యూనిఫారాల ఫినిషింగ్ వాష్ రాజాం దగ్గర ఒక చిన్న యూనిట్లో జరుగుతోంది."

"ఆర్డరు ఆపెయ్యొచ్చు కదా మేడమ్?"

"ఏ కారణం చూపించి? మామూలు ల్యాబులో ఇది బయటపడదు. తనిఖీ చేసేవాళ్లలో ఒకడు వాళ్ల మనిషి. ఎవడో తెలీదు. ఇక్కడ ఆపితే ఇంకోచోట కడిగిస్తారు. అదెక్కడో కూడా అప్పుడు మనకి తెలీదు."

బెన్హర్ కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతనికి నలభై మూడేళ్లు. ఊరు రాజాం దగ్గర క్రైస్తవ మిషన్ కాంపౌండు. ఈ ఉద్యోగంలో చేరకముందు తిరుపూర్లో ఆరేళ్లు వాష్ మేస్త్రిగా చేశాడు. ఇప్పుడు ఎందుకు పిలిచారో అర్థమైంది. పదకొండేళ్లలో అతను గెలిచిన ఆపరేషన్లు నాలుగు. ఆ నాలుగింట్లో తనతో పనిచేసినవాళ్లలో మిగిలింది తనొక్కడే. అందుకే గెలుపు అనే మాట అతను వాడడు.

"కవర్ పేరు?"

"మీ పేరే. మీ ఊరే. మీ పాత పనే. అబద్ధం ఎంత తక్కువైతే అంత మంచిది." తాయారు లైటు వేసింది. "ఇంకో సంగతి. ఆ ముఠాలో మనకొక సోర్స్ ఉంది. కోడ్ నేమ్ నీలం. ఆడో మగో కూడా తెలీదు. కూర్మారావు ఒక్కడికే తెలుసు. కాగితం మీద పెట్టలేదు. నీలం ఒక ప్రశ్న అడగాలి, మనం ఒక జవాబు చెప్పాలి. ఆ రెండూ కూర్మారావుతోనే పోయాయి."

"అంటే, ఉన్నా లేనట్టే."

"అంతే. దొరికితే మీరెవరో మాకు తెలీదు."

"అది ఇదివరకే చెప్పారు మేడమ్. నాలుగుసార్లు."

రాజాం నుంచి చీపురుపల్లి పోయే రోడ్డు పక్కన ఉంది నాగావళి గార్మెంట్ వాషింగ్. అక్టోబరులో హుద్‌హుద్ తుపాను గాలికి ఎగిరిపోయిన పైకప్పు రేకుల బదులు నీలిరంగు టార్పాలిన్లు కట్టి ఉన్నాయి. ఓనరు చినబాబు వరి పండించుకునే ఇంట్లో పుట్టి, మిషన్లంటే మోజుతో ఈ పనిలోకి దిగినవాడు. బెన్హర్ చేతివేళ్లు తిప్పి చూసి, వేళ్ల మీద బ్లీచు కాల్చిన పాత మచ్చలు చూసి, "మేస్త్రివే" అన్నాడు. ఇంకేం అడగలేదు.

"ఈ మిలట్రీ ఆర్డరు ఒక్కటి సక్కగా ఎళ్లిపోతే యూనిట్టు నిలబడతాది మేస్త్రీ. లేకపోతే తాళమే," అన్నాడు.

లోపల ఆరు పెద్ద వాషింగ్ మిషన్లు, బట్టల్లో నీళ్లు పిండే హైడ్రోలు రెండు, నాలుగు డ్రయ్యర్లు, వెనక బాయిలరు. జీన్స్ ప్యాంట్లు అట్టల్లా బిగుసుకుని వస్తాయి. మొదటి నీళ్లలో గంజి వదిలిస్తారు. తర్వాత ఎంజైమూ నురగరాళ్లూ వేసి తిప్పితే కొత్త ప్యాంటు ఐదేళ్లు తొడిగినదానిలా బయటికొస్తుంది. ఆపైన స్ప్రే గది. అక్కడ పన్నెండుమంది ఆడవాళ్లు మూతికి గుడ్డలు కట్టుకుని, తొడల మీదా మోకాళ్ల మీదా పర్మాంగనేట్ కొడతారు. దాన్ని అందరూ పీపీ అంటారు. కొట్టినప్పుడు ఊదారంగు, ఆరాక గోధుమరంగు. మందునీళ్లలో ముంచి కడిగితే ఆ మేర తెల్లబడుతుంది. పట్నంలో పిల్లలకి అది ఫ్యాషను. ఇక్కడ ఆడవాళ్లకి అది గోధుమరంగు తిరిగిన వేళ్లూ, తగ్గని దగ్గూ.

ఆ గదికి పెద్ద గున్నమ్మ. యాభై ఏళ్లు దాటాయి. మొదటిరోజే బెన్హర్ మూతికి మాస్కు తెచ్చి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది.

"ఇదేటి మేస్త్రీ, ఇప్పుడిచ్చినావు? ఎల్లిపోయినాక ఊపిరి ఎనక్కొస్తాదేటి?"

"ఉన్నదైనా మిగులుతుంది కదమ్మా."

"ఏటి మిగుల్తాదిలే. ఉంచు, మా జగ్గమ్మ కిస్తాను. అది సిన్నది."

యూనిట్టు వెనక గెడ్డ రోజుకొక రంగులో పారేది. అందులో ఇప్పుడెవరూ పశువుల్ని దింపడం లేదు. బెన్హర్ సాయంత్రాలు ఆ గట్టున నిలబడి సిగరెట్ కాల్చుకుంటూ, ఈ పని ఫలించినా ఇక్కడ ఎవరికేం ఒరుగుతుందని ఆలోచించేవాడు. ఏమీ తోచేది కాదు.

ఆరోరోజు మధ్యాహ్నం తెల్ల ఇన్నోవా వచ్చి ఆగింది. ముందు దిగినవాడు విక్టర్. ఎర్రటి మనిషి, ఆరడుగులు, విదేశీ కెమికల్ కంపెనీ టెక్నీషియన్ అని కార్డు. జేబులోంచి ట్యాగ్ గన్ పిడి కనబడుతోంది. బట్టలకి ధరచీటీలు తగిలించే ఆ పనిముట్టుతో కెమికల్స్ మనిషికేం పని? బెన్హర్‌కి కూర్మారావు కాలర్లో దొరికిన ప్లాస్టిక్ పోగు గుర్తొచ్చింది.

వెనక దిగింది షాలిని. ఆ కంపెనీకి మన రాష్ట్రంలో కన్సల్టెంట్. పాలిపోయిన లేత జీన్స్, తెల్ల సిల్కు చొక్కా, నల్లద్దాలు. ఆ గచ్చు మీద, ఆ ఆవిరిలో, ఆ మనిషి దారి తప్పి వచ్చినట్టుంది. ఆడవాళ్లు పని ఆపేసి చూశారు. ఆమె వెంట నాలుగు డ్రమ్ములు దిగాయి. సాఫ్టెనర్, ఎస్-40.

"ఆఖరి నీళ్లలో ఇదే వెయ్యాలి," అంది ఇంగ్లీషు కలిసిన తెలుగులో. "డోసు నేను దగ్గరుండి చూస్తాను. పద్దెనిమిదిన వాష్, ఆరోజే డిస్పాచ్."

విక్టర్ రెండడుగుల దూరంలో నిలబడి మిషన్ డయల్ చూస్తున్నాడు. షాలిని నల్లద్దాలు తీసి బెన్హర్ వంక నేరుగా చూసింది.

"మేస్త్రిగారూ, ఒకటి అడుగుతాను. నాగావళి నీళ్లకీ వంశధార నీళ్లకీ తేడా ఏమైనా ఉందా?"

వాష్ మేస్త్రిని నీళ్ల గురించి అడగడంలో వింతేమీ లేదు. బెన్హర్ మేస్త్రిలాగే జవాబిచ్చాడు. "నాగావళిలో ఐరన్ ఎక్కువండి. లేతరంగులకి పనికిరావు."

ఆమె కళ్లలో ఏదో దీపం ఆరిపోయినట్టయింది. నల్లద్దాలు పెట్టేసుకుని "ఓ, ఐరన్" అని వెనక్కి తిరిగింది.

కారు రోడ్డెక్కి దుమ్ము అణిగాక తెలిసింది బెన్హర్‌కి. అది నీళ్ల ప్రశ్న కాదు. నీలం ప్రశ్న. జవాబు తన దగ్గర లేదు. కూర్మారావుని చంపినవాళ్లు ఆ ప్రశ్నని ముందే రాబట్టి, దాన్నే ఎరగా వేసి ఉండొచ్చు కూడా. ఆమె మనదో వాళ్లదో తేల్చే మనిషి మట్టిలో ఉన్నాడు.

పద్దెనిమిదో తారీఖు. ఉదయం ఆరింటికే బాయిలరు రాజేశారు. ఆరు వందల జతలు, ఆరు మిషన్లు. ఆఖరి నీళ్ల దగ్గర విక్టర్ స్వయంగా నిలబడి ఎస్-40 కొలిచి పోశాడు. రెండింటికల్లా ఆఖరి లోడు డ్రయ్యర్లలోంచి బయటికొచ్చింది. ఆడవాళ్లంతా ముందు షెడ్డులో అన్నాలకి కూర్చున్నారు.

డ్రయ్యర్ల గదిలో బెన్హర్ ఒక్కడే. కళ్లజోడు పెట్టుకుని, ఒక చొక్కా మీద తాయారు ఇచ్చిన పెన్ను క్లిప్పు నొక్కాడు. చొక్కా భగ్గుమంది. ఇంకోటి. అదీ అంతే. ఫోను తీశాడు.

"మొత్తం ఆరు వందలూ మేడమ్. మూడింటికి తనిఖీ ఇన్‌స్పెక్టరు వస్తాడు, లారీ వస్తుంది. ఆపండి."

"ఆపడానికి ఆర్డరు కావాలి. పైవాళ్లని అడిగాను. ల్యాబ్ రిపోర్టు లేకుండా కుదరదన్నారు. మూడు రోజులు."

"మూడు రోజులకి వాళ్లు అడవిలో ఉంటారు."

"తెలుసు. అక్కడ మీరేం చెయ్యగలరో చెయ్యండి, బెన్హర్."

ఫోను పెట్టేస్తుంటే తల వెనక దెబ్బ పడింది.

కళ్లు తెరిచేసరికి గుండ్రటి ఇనుప గోడలు. డ్రయ్యరు డ్రమ్ము! అద్దం తలుపు అవతల విక్టర్ పెన్నుని వేళ్ల మధ్య తిప్పుతూ నవ్వుతున్నాడు.

"ప్రమాదాలు జరుగుతుంటాయి, మేస్త్రీ," అన్నాడు ఇంగ్లీషులో. స్విచ్చు నొక్కి వెళ్లిపోయాడు.

డ్రమ్ము కదిలింది. బెన్హర్ కాళ్లూ చేతులూ బిగదన్ని నిలదొక్కుకోబోయాడు. సగం చుట్టుకే తల్లకిందులై పడ్డాడు. వేడిగాలి ముఖాన కొట్టింది. మళ్లీ లేచాడు, మళ్లీ పడ్డాడు. ఊపిరి పీలిస్తే గొంతు కాలుతోంది. అరిచినా బాయిలరు మోతలో ఎవరికీ వినబడదు. సరే, ఇక్కడికి ఇంతే అనుకున్నాడు. భయంకన్నా ముందు ఒకరకమైన అలసట వచ్చింది. ఇక లేవనక్కర్లేదు కదా అనిపించింది.

డ్రమ్ము ఆగింది. తలుపు తెరుచుకుంది. షాలిని అతని చొక్కా పట్టి బయటికి లాగింది.

"లెండి! వాడు గేటు దగ్గరున్నాడు. లారీ..."

మాట పూర్తి కాలేదు. గుమ్మంలో విక్టర్, చేతిలో ట్యాగ్ గన్. ఒక్క అంగలో వచ్చి బెన్హర్ మెడకి గురిపెట్టాడు. షాలిని అడ్డంపడింది. విషపు సూది ఆమె భుజంలో దిగింది. బెన్హర్ ఉన్న బలమంతా పెట్టి డ్రయ్యరు తలుపుని విక్టర్ చేతి మీదికి విసురుగా తోశాడు. మణికట్టు విరిగిన చప్పుడు. గన్ను తిరగబడి సూది వాడి తొడలోనే దిగింది. వాడు నేల మీద కూర్చుని ఆశ్చర్యంగా తొడ వంక చూసుకున్నాడు. అలాగే పక్కకి ఒరిగిపోయాడు.

బెన్హర్ షాలినిని ఒళ్లోకి తీసుకున్నాడు. ఆమె పెదాలు నీలమవుతున్నాయి.

"రెండూ కలిసేది సముద్రంలోనే అనాలి మీరు," అంది. "ఐరన్ అన్నారు."

"కూర్మారావుగారు చెప్పకుండానే పోయారు. ఎవరికీ చెప్పలేదు."

ఆమె పట్నం తెలుగు ఎటో పోయింది. బొబ్బిలి వైపు అమ్మాయి మాట బయటికొచ్చింది. "అయితే నానెవులో ఎవులికీ తెలీదన్నమాటే."

"నాకు తెలుసు."

"మీ ఒక్కరి మాటా?" నవ్వబోయింది. "డ్రయ్యరు వేడికి మందు అతుక్కుపోయింది. ఇంకే కడుగుడికీ పోదు. బట్టే పోవాల."

ఆపైన మాట్లాడలేదు.

రెండూ ఇరవై. బెన్హర్ ముందు షెడ్డుకి పరిగెత్తాడు. అన్నాలు తింటున్న ఆడవాళ్లు అతని కాలిన ముఖం చూసి లేచి నిలబడ్డారు. అబద్ధం చెప్పే ఓపిక అతనికి లేదు. దాచాల్సినది దాచలేదు.

"ఆ బట్టలు వేసుకుంటే చీకట్లో శత్రువుకి కనబడిపోతారు. ఆరు వందల మంది. వాటిని పాడుచెయ్యాలి. ఇప్పుడే. చేస్తే యూనిట్టు మూతపడుతుంది. మీకు పని ఉండదు. దీనికి మీకెవరూ ఏమీ ఇవ్వరు. నేను ఇప్పిస్తానని కూడా చెప్పలేను."

జగ్గమ్మ ఏడుపు మొదలెట్టింది. గున్నమ్మ చెయ్యి కడుక్కుని కొంగుతో తుడుచుకుంది.

"మా ఊర్లో ఇంటికొకడు మిలట్రీలో ఉన్నాడు మేస్త్రీ. మా మరిది కొడుకెక్కడున్నాడో ఆడి పెళ్లానికే తెలీదు." దగ్గు ఆపుకుని వెనక్కి తిరిగింది. "ఒసే, లెగండే. గన్నులు అందుకోండి. పీపీ ఎంత కలపాల మేస్త్రీ?"

"రోజూ కలిపేదానికి పదింతలు. యాసిడ్ కూడా. మళ్లీ కడిగితే తేరుకోకూడదు. దారం తెగిపోవాలి."

పన్నెండు స్ప్రే గన్నులు ఒక్కసారిగా బుస్సుమన్నాయి. రోజూ జీన్స్ మోకాళ్లకి కొట్టే చేతులే ఆకుపచ్చ గుట్టల మీద ఊదారంగు కురిపించాయి. గన్నులు చాలక బకెట్లతో పోశారు. ఊదా ముదిరి గోధుమరంగైంది. ఘాటుకి కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరికి కళ్లు మండుతున్నాయో తెలియడం లేదు. చప్పుడు విని వచ్చిన చినబాబు గుమ్మంలోనే కూలబడి, "ఏటి సేసినారే, ఏటి సేసినారే" అని తల బాదుకున్నాడు. బెన్హర్ అతని వంక చూడలేకపోయాడు.

మూడింటికి గేటు దగ్గర హారన్ మోగింది. జీపులోంచి ఇన్‌స్పెక్టరు దిగాడు. వెనక లారీలోంచి ప్రత్యేక దళం హవల్దారు దిగాడు. ఇన్‌స్పెక్టరు గుట్టల్ని చూశాడు. ముఖం పాలిపోయింది. అయినా సర్దుకుని సంచీలోంచి సర్టిఫికెట్టూ రబ్బరు స్టాంపూ తీశాడు.

"వాష్‌లో చిన్న మరకలు మామూలే. పాస్ చేస్తున్నాను. లోడ్ చేసుకోండి."

వాళ్ల మనిషి ఎవడో అప్పుడు తెలిసింది బెన్హర్‌కి.

స్టాంపు ఇంకు అద్దుకుని కాగితం మీదికి దిగుతోంది. హవల్దారు ఒక చొక్కా తీసి, భుజాల కొలత చూద్దామని రెండు చేతులతో లాగాడు. చొక్కా తడిసిన పేపరులా నిలువునా చిరిగింది. ఇంకోటి తీశాడు. అదీ చిరిగింది. హవల్దారు ఇన్‌స్పెక్టరు చేతిలోంచి స్టాంపు తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

ఇరవయ్యో తారీఖున ఆరు వందల మందీ పాత యూనిఫారాలతోనే అడవిలోకి దిగారు. అందరూ తిరిగొచ్చారు. ఎందుకు తిరిగొచ్చారో వాళ్లలో ఎవరికీ తెలియదు.

వారం తర్వాత బెన్హర్ తాయారు ఎదుట నిలబడ్డాడు.

"షాలినియే నీలం. ఫైల్లో రాయండి మేడమ్."

"ఆధారం?"

"జవాబు చెప్పింది."

"అదే సరైన జవాబని ఎవరు ధ్రువీకరిస్తారు?" తాయారు గొంతులో కాఠిన్యం లేదు, అదే ఇంకా బాధగా ఉంది. "రికార్డులో ఆమె విక్టర్ అనుచరురాలు. అలాగే ఉంటుంది. ఇన్‌స్పెక్టరు సంగతి కూడా వినండి. పైవాళ్లు గొడవ వద్దన్నారు. బదిలీ చేశారు."

"ఎక్కడికి?"

"శిక్షణ విభాగానికి. కొత్త ఇన్‌స్పెక్టర్లకి పాఠాలు చెప్పడానికి."

షాలిని శవాన్ని అడగడానికి ఎవరూ రాలేదు. బెన్హర్ మేనమామనని సంతకం పెట్టి తీసుకెళ్లి మిషన్ సమాధుల తోటలో పూడ్పించాడు. గున్నమ్మ, జగ్గమ్మ వచ్చారు. పాస్టరుగారు ఆమె ఏం పని చేసేదని అడిగితే బెన్హర్ "బట్టల పనేనండి" అన్నాడు.

నాగావళి వాషింగ్‌కి తాళం పడింది. ఆడవాళ్లు పైడిభీమవరం వైపు రొయ్యలు వలిచే పనికి పోతున్నారు. అక్కడ ఐసులో వేళ్లు కొంకర్లు పోతాయట. చినబాబు పోలీసు కేసు పెట్టాడు. తాగి ఆరు వందల జతలు నాశనం చేసిన మేస్త్రి అని బెన్హర్ ఫోటో రాజాం నుంచి తిరుపూర్ దాకా ప్రతి వాషింగ్ యూనిట్టు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.

ఏప్రిల్‌లో సీలు వేసిన కవరు ఒకటి వచ్చింది. శాఖాపరమైన ప్రశంసాపత్రం. చదివిన వెంటనే తగలబెట్టవలెనని కవరు మీద ఎర్ర సిరాతో రాసి ఉంది. బెన్హర్ చదవకుండానే తగలబెట్టాడు. ఆదేశంలో సగమైనా పాటించినట్టు లెక్క.